ఆర్‌సీలో పేరున్న మనిషి

శనివారం చేయాల్సిన పనులు: ఇడ్లీ పిండి రుబ్బాలి. మామయ్యకు బీపీ మాత్రలు తేవాలి. పాప యూనిఫాం రెండు జతలు ఉతకాలి. గ్యాస్ బుక్ చేయాలి. అత్తయ్య కళ్లజోడుకు స్క్రూ వేయించాలి. ఆత్మకూరు పోయి బండికి తాళంచెవి చేయించాలి.

ఇవన్నీ పాత క్యాలెండరు కాగితం వెనక రాసుకొని, చివరి పని కింద రెండు గీతలు గీశాను. మిగతావి రోజూ నా నెత్తిన ఉండేవే. ఆ ఒక్కటి మాత్రం నేను తప్ప ఇంకెవరూ చేయించలేని పని. ఆ సంగతి తెలిసినప్పటినుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు.

తాళంచెవి పోగొట్టింది మా ఆయన పెంచలప్రసాద్. బుధవారం ఉదయగిరి బస్టాండులో ఎవరో కొత్త మనిషి మూర్ఛ వచ్చి పడిపోయాడు. ఇనుము పెట్టండి, ఇనుము పెట్టండి అని చుట్టూ జనం అంటుంటే ఈయన జేబులోని తాళాల గుత్తి తీసి అతని చేతిలో పెట్టాడు. అతను పిడికిలి బిగించాడు. అదే పిడికిలితో ఆటో ఎక్కించి ఆస్పత్రికి తీసుకుపోయారు. ఈయన అక్కడికి చేరేసరికి ఆ మనిషి తేరుకొని వాళ్ల ఊరికి వెళ్లిపోయాడు, గుత్తి ఎక్కడ జారిపోయిందో ఎవరికీ తెలియదు. తాళాలు పట్టుకుంటే మూర్ఛ తగ్గదని నేనంటే, చదువుకున్నోళ్లకు జాలి ఉండదన్నాడు. ఆయన జాలిని నేనేం తప్పుపట్టలేదు. నాకు అర్థం కానిది వేరే. బండితో వచ్చిన రెండు తాళంచెవులూ ఆ ఒక్క గుత్తిలోనే ఎందుకున్నాయి? అదే అడిగితే మా అత్తయ్య ప్రమీలమ్మ జవాబిచ్చింది.

"రెండోది ఇంట్లో ఉంటే ఎవురికి పనే?"

ఎవరికి పని. గిన్నెలు తోముతూ ఆ మాటే అనుకున్నాను. నేను ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేటప్పుడు నా పే స్లిప్ చూపించి అప్పు మీద కొన్న బండి అది. ఆర్‌సీలో నా పేరే ఉంది. మా ఇంటి మొత్తంలో డిగ్రీ చూసిన మొదటిదాన్ని నేను. మా పుట్టిల్లు చేజర్లలో మా నాయన తన బండి మీద నన్ను ముందు కూర్చోబెట్టి, తాను వెనక కూర్చొని తోలడం నేర్పించాడు. లైసెన్సు ఇప్పటికీ సర్టిఫికెట్ల ఫైల్లో ఉంది. పెళ్లయిన కొత్తలో ఒక్కసారి తోలాను. నా పెళ్లాం ముందు, నేను వెనకా, నలుగురూ ఏమనుకుంటారన్నాడు ఈయన. అంతే, తాళంచెవి ఆయన జేబులోకి పోయింది. పాప పుట్టాక ఉద్యోగమూ పోయింది. ఇప్పుడు సీతారామపురం బాలికల స్కూల్లో గెస్ట్ టీచరుగా పిలుపొచ్చింది. సోమవారం తొమ్మిదికల్లా చేరకపోతే జాబితాలో నా తర్వాతి పేరుకు ఇచ్చేస్తారు. బస్సేమో పదింటికి గానీ అక్కడికి పోదు. బండి ఇవ్వమని పదిరోజులుగా అడుగుతున్నాను. ఈయన ఎరువుల కొట్టు మా వీధి చివరే, నడిచి పోవచ్చు. అయినా ప్రతిసారీ ఒకటే మాట: బస్సు లేదు కదా, ఇంక వదిలెయ్.

శుక్రవారం మెకానిక్ చేత బండి తాళం మొత్తం ఊడదీయించి, సంచిలో వేసుకొని ఈయనే ఆత్మకూరు వెళ్లాడు. మధ్యాహ్నానికి ముఖం మాడ్చుకొని తిరిగొచ్చాడు. తాళంచెవులు చేసే ఎవరో ఆడమనిషి గొడుగు కింద కూర్చోని ఆర్‌సీ చూసి, ఇందులో పేరుండే మనిషి రావాల, లేకుంటే చెయ్యను అనిందట.

"నేను మొగుణ్ణి అని చెప్పినా ఇనలా," అన్నాడు. నేను వంటింట్లోకి పోయి కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వుకున్నాను.

శనివారం ఇడ్లీ పిండి మాత్రం రుబ్బి, మిగతా పనులు అలాగే వదిలేసి ఎనిమిది గంటల బస్సెక్కాను. ఒళ్లో సంచి, సంచిలో తాళం. పెళ్లయ్యాక ఒంటరిగా బస్సెక్కడం అదే మొదటిసారి. కిటికీ పక్క సీటు దొరికితే పరీక్ష పాసైనంత సంతోషమేసింది.

ఆత్మకూరులో ఆ గొడుగు కింది మనిషి, ఆర్‌సీలో ఫొటో లేదని నా ఆధార్ కార్డు కూడా అడిగి చూసింది. "ఉషారాణి నువ్వేనా? ఏమనుకోబాక అమ్మాయీ. దొంగబండికి చేసినానంటే నా బతుకు పోతాది."

ఇంకా పళ్లు కొయ్యని ఖాళీ తాళంచెవిని కొవ్వొత్తి మంట మీద నల్లగా మసి పట్టించింది. తాళంలో దూర్చి, అటూ ఇటూ మెల్లగా తిప్పి బయటికి తీసింది. మసి చెదిరి సన్నని గుర్తులు పడ్డాయి. ఆ గుర్తుల దగ్గర మాత్రమే ఆకురాయితో రాసింది. మళ్లీ మసి, మళ్లీ దూర్చడం. అలా ఎన్నిసార్లో. లోపల ఏముందో కనపడని తాళాన్ని, అది చెప్పే చోటల్లా వింటూ పోయింది. చివరికి టక్కుమని తిరిగింది.

"ఒకటి చాలా?"

"రెండు చెయ్యక్కా," అన్నాను.

"రెండోది ఎవురికి?"

అత్తయ్య మాట గుర్తొచ్చింది. "నాకు," అన్నాను. పైకి అనేశాక, ఇంత సులభమా అనిపించింది.

ఉదయగిరికి తిరిగొచ్చి, మెకానిక్ తాళం బిగించేదాకా పక్కనే నిలబడ్డాను. తర్వాత బండెక్కి, చీర కుచ్చిళ్లు సర్దుకొని, స్టార్ట్ చేశాను. వీధి మలుపు దగ్గర ఒకసారి ఆగిపోయింది. మళ్లీ కిక్కు కొట్టాను. కొట్ల ముందు కూర్చున్నవాళ్లు చూశారు. చూడనీ. నాలో నేనే పెద్దగా నవ్వుకుంటూ ఇంటిదాకా తోలాను.

ఈయన వాకిట్లోకి వచ్చి చెయ్యి చాపాడు. ఒక తాళంచెవి ఆ చేతిలో పెట్టాను. చెయ్యి అలాగే ఉంది.

"రెండోది?"

"నా దగ్గరుంటాది. సోమవారం నుంచి ఏడున్నరకు బండి సీతారామపురం పోతాది."

ఆయన లోపల కూర్చున్న వాళ్లమ్మ వైపు చూశాడు. నేను అప్పటికే పాప యూనిఫాం తీసి నానబెడుతున్నాను. సోమవారానికి ఆరాలి కదా.

ఒక్క సంగతి చెప్పి ముగిస్తాను. ఆత్మకూరు బస్టాండు ఎదురుగా ఆమె గొడుగుకు ఒక రేకు బోర్డు వేలాడుతుంటుంది. దాని మీద 'ఏసురత్నం, తాళములు చేయబడును' అని ఉంటుంది. ఏసురత్నం ఆమె భర్త. చనిపోయి తొమ్మిదేళ్లయింది. ఆయన ఉన్నప్పుడు కూడా ఆకురాయి పట్టింది ఈమేనట, ఆయన గిరాకీతో మాట్లాడేవాడట. బోర్డు మార్చలేదేమక్కా అంటే, పనిలో తీరిక ఏదని నవ్వింది. మీరు అటువైపు వెళ్తే ఆ బోర్డు చదివి ఆగిపోకండి. ఆమె పేరు రెబెకమ్మ. గుర్తుపెట్టుకోండి.