మూడో తట్ట

పొద్దున ఎనిమిదయ్యేసరికి ఉప్పునుంతలలో శ్రీవాణి బిడ్డను ఉయ్యాలలో వేసి రొట్టెలకు కూర్చునేది. ఆ ఉయ్యాల మొగుడు మద్దిలేటి తన లుంగీతో కట్టింది. మేస్త్రీ వెంట పుణెకు పనికి పోయేనాడు దూలానికి తనే ముడేసి, బీచుపల్లి ఆంజనేయస్వామికి దండం పెట్టుకొని బస్సెక్కాడు. ఇక చూడండి, అక్కడ అతను సిమెంటు తట్ట ఎత్తితే చాలు, ఇక్కడ ఉయ్యాల కదిలేది. తట్టకో ఊపు. ఒంటిగంటకు ఆగిందంటే అతను సద్ది విప్పాడని శ్రీవాణి కూడా కంచం ముందు కూర్చునేది. ఇందులో వింతేముంది, వలసపోయిన తండ్రి ఆమాత్రం ఊపడా?

పక్కింటి జమ్ములమ్మ ఒక్క మాటే చెప్పింది: "మా కొడుకు యోహాను వలస పోయినప్పుడు గూడ గిట్లనే ఊగె. ముడి జర చూసుకుంట ఉండు పిల్లా."

పదకొండు నెలలకు మద్దిలేటి ఇంటికొచ్చాడు. ఉయ్యాల ఆగింది. నాలుగు నెలలప్పుడు వదిలిపోయిన సింధూజ ఇప్పుడు నడుస్తోంది. నాయనను చూడగానే తల్లి కొంగులో దూరింది. ఎత్తుకోబోతే ఏడుపు, ఉయ్యాల చేత్తో ఊపితే ఇంకా ఏడుపు. బిస్కెట్ పుడ మాత్రం తీసుకొని, ఇచ్చిన చేతిని తోసేసింది. నాలుగు రోజులు పిల్లకు నిద్ర లేదు, తండ్రికి ముద్ద దిగలేదు.

అయిదోనాడు మద్దిలేటి సంచి సర్దాడు.

"నేనుంటే ఉయ్యాల ఊగుతలేదు. రేపు మేస్త్రీ బండిల పోత. ఆడికెళ్లి ఊపుడైతే నాకొస్తది."

శ్రీవాణి వద్దనలేదు. "పోదువు గానీ, వానకు కూలిన దొడ్డి గోడ జర నిలబెట్టి పో" అంది.

అతను మట్టి తొక్కి, తట్ట నింపి, ఎత్తాడు. వసారాలో పిల్లను వేసిన ఉయ్యాల కదిలింది. పిల్ల ఏడుపు మానింది. లుంగీ అంచు మీంచి కళ్లు మాత్రం బయటపెట్టి చూసింది. తట్ట లేస్తే తను లేస్తోంది, తట్ట దిగితే తను దిగుతోంది. ఇరవై తట్టల దాకా చూసింది ఆ చిట్టితల్లి. తర్వాత మెల్లగా జారి దిగి, మట్టిలో తప్పటడుగులు వేసుకుంటూ వచ్చి, నాయన మోకాలిని రెండు చేతులా వాటేసుకుంది.

మద్దిలేటి కదల్లేదు. ఉయ్యాల కూడా ఆగింది. పిల్ల ఏడవలేదు. తట్ట వైపు వేలు చూపించి "ఊ" అంది. అతను తట్ట దులిపి, తువ్వాలు పరిచి, బిడ్డను అందులో కూర్చోబెట్టి ఎత్తాడు.

మర్నాడు మేస్త్రీ ఫోన్ చేస్తే శ్రీవాణి ఎత్తింది. "గోడ ఇంక గాలే అన్నా" అంది.

అయ్యలారా, అమ్మలారా, ఆ గోడ ఇప్పటికీ కాలేదు. మద్దిలేటి ఊళ్లోనే పదిమంది ఇళ్లకు గోడలు కడుతున్నాడు. స్వామి చల్లగా చూస్తున్నాడు. పొద్దుగూకకముందే ఇంటికొచ్చి తన గోడకు రోజూ రెండు తట్టల మట్టే వేస్తాడు. మూడో తట్టలో సింధూజ కూర్చుంటుంది.