రీలు చివరి బొమ్మ

రామచంద్రయ్య కబురు పంపేసరికి యోహాను చేలో కందికట్టె కొడుతున్నాడు. చేతులు కడుక్కొని, ఇంటికి పోయి కెమెరా సంచి భుజానికేసుకొని సైకిలెక్కాడు. ఎందుకు పిలిచారో దారిలో ఎవరూ చెప్పనక్కర లేకపోయింది. ఆ ఇంటి వైపు నుంచి డప్పు చప్పుడు లేదు. పసిపిల్ల పోతే డప్పు కొట్టరు. ఆడోళ్ల శోకం మాత్రం బడి దాకా వినిపిస్తోంది.

పోయింది అఖిల, రామచంద్రయ్య మనమరాలు. అప్పుడప్పుడే పళ్లు ఊడుతున్న పిల్ల. జ్వరమని ఊళ్లోనే సూది వేయించారు. పొద్దున కండ్లు తేలేస్తే ఆటోలో వేసుకొని కల్వకుర్తి దవాఖానకు బయలుదేరారు. సగం దారిలోనే తల్లి ఒళ్లో చల్లబడింది. ఆటో మళ్లీ ఊరికే తిరిగి వచ్చింది.

వాకిట్లో చాప మీద పడుకోబెట్టి, దవడ కింది నుంచి నెత్తి మీదికి తెల్లగుడ్డ కట్టారు. తల్లి రేణుకమ్మ గుంజకు ఆనుకొని కూర్చుంది. పొద్దుటి నుంచి ఆమె ఏడ్వలేదట. ఏడ్వకుంటే గుండె పగుల్తదని ముసలమ్మలు వీపు మీద చరుస్తున్నారు, పిల్ల గౌను తెచ్చి ముందర పడేస్తున్నారు. ఆమె చూస్తోంది, అంతే.

పిల్ల తండ్రి నర్సింహులు పుణె దిక్కు మేస్త్రీ కింద కేబుల్ గుంతలు తవ్వుతున్నాడు. ఉప్పునుంతల నుంచి ఫోను చేస్తే మేస్త్రీకి అందింది. నీ పెనిమిటి బయలెల్లిండు, వస్తుండు, అని ఆడోళ్లు రేణుకమ్మ చెవిలో పదే పదే చెప్తున్నారు. కానీ అక్కడి నుంచి వచ్చేసరికి ఒక రాత్రి, ఒక పగలు పడుతుంది. పసిపిల్లను పొద్దుగూకక ముందే మన్నులో పెట్టాలి.

రామచంద్రయ్య యోహానును గోడ పక్కకు పిలిచాడు. గోడ పట్టుకొని నిలబడ్డాడు.

"ముఖం జూపియ్యకుంట మన్నుల పెడితివా అని రేపు నా కొడుకు నన్నడుగుతడు. ఒక్క ఫోటో దియ్యి. నా దిక్కుకెల్లి వానికి చెప్పెటందుకు ఏదన్న ఉండాలె గద."

యోహాను సంచి విప్పాడు. కెమెరా కనబడగానే రేణుకమ్మ తల తిప్పింది. పొద్దుటి నుంచి ఆమె నోట వచ్చిన మొదటి మాట అదేనని తర్వాత అందరూ చెప్పుకున్నారు.

"గీ ఫోటో నాకొద్దన్నా. పీర్ల పండుగ నాడు దీస్తివి గద, నవ్వేటిది. అది కావాలె నాకు."

"అది గీండ్లనే ఉన్నదక్కా," అన్నాడు యోహాను. అన్నాక, అనకుండా ఉంటే బాగుండుననుకున్నాడు.

అది ఇనుప ముద్దలాంటి పాత కెమెరా. సెల్లు అక్కర్లేదు, లోపలంతా పండ్ల చక్రాలూ కమానులూ. నాగర్‌కర్నూలులో అప్పటికే కంప్యూటర్ ఫోటోలు వచ్చాయి. కల్వకుర్తి స్టూడియో ఓనరు కొత్తది కొనుక్కొని, తన దగ్గర పని నేర్చిన యోహానుకు దీన్ని ఇచ్చేశాడు. పల్లెల్లో పీర్ల పండుగకూ, పుట్టెంట్రుకలకూ, చావులకూ ఇదే.

పండుగ నాడు, పీర్ల ముందు నిప్పు వేసే అలాయి గుంత దగ్గర అందరూ ఫోటోలు దిగారు. రీలు మీద రాసిన లెక్క అయిపోయినా చివర్న ఇంకొకటి లాగడం ఈ పని చేసేవాళ్లందరికీ అలవాటే. అఖిలది అట్లా లాగిన ఫోటో. ముందరి పళ్లు లేవని నోరు మూసుకుంది. నీ పళ్లు ఎలుక ఎత్తుకపోయి పెండ్లి చేసుకున్నదట గద, అని యోహాను అడిగితే పక్కున నవ్వింది. అప్పుడు నొక్కాడు. ఆ తర్వాత రీలు జరిపే లీవరు తిప్పబోతే బిగుసుకుంది. ఇంకాస్త ఒత్తాడు. లోపల పుటుక్కుమన్న సంగతి బొటనవేలికి తెలిసింది.

రీలు కొస డబ్బీలోని ఇరుసు నుంచి ఊడిపోయింది. మామూలుగా రీలైపోతే కింద బుడిపె నొక్కి, పైన మీట తిప్పితే అదంతా వెనక్కి డబ్బీలోకి పోతుంది. ఇప్పుడా మీట బరువు లేకుండా గిర్రున తిరుగుతోంది, చేంతాడు తెగిన గిలకలా. రీలంతా రెండో పక్క చుట్టలో చిక్కి ఉంది. చీకట్లో వెనక తలుపు తెరిచి చేత్తో తీయాలి. పిసరంత వెలుగు తగిలినా బొమ్మలు పోతాయి. కల్వకుర్తి పోయి స్టూడియోలో చీకటి గదిలో తీద్దామనుకున్నాడు. కంది పని మీద పడి పోలేకపోయాడు.

ఇదంతా యోహాను రామచంద్రయ్యకు విడమరిచి చెప్పాడు. పాత రీలు బయటికి రానిదే కొత్తది ఎక్కదు, కొత్తది ఎక్కనిదే పిల్ల ఫోటో లేదు. ఉప్పునుంతల ఫోటో ఆయన అచ్చంపేటలో పెండ్లికి పోయాడు. వేరే కెమెరా దొరకదు.

"చీకటే గద నీకు కావాలె," అన్నాడు రామచంద్రయ్య. లోపలికి పోయి దండెం మీది గొంగడి తెచ్చాడు. నర్సింహులుది. నల్లగొర్రె బొచ్చుతో దిట్టంగా నేసింది, వాన చినుకు కూడా దిగదు. రెండు మడతలేసి కప్పుకుంటే లోపల నడిరాత్రే.

యోహాను గొంగడిని ఎండకు పట్టి చూశాడు. పని నేర్చే రోజుల్లో పెండ్లిళ్లకు పోయినప్పుడు దుప్పట్ల కింద ఈ పని చేశాడు. చేతులకు తెలుసు. సరేనన్నాడు.

ఇంటి వెనక మేకల కొట్టంలోకి పోయాడు. తడకల సందుల్లోంచి ఎండ గీతలు గీతలుగా పడుతోంది. గుమ్మానికి వీపు పెట్టి, మూలకు ముఖం పెట్టి కూర్చున్నాడు. ఎవరినీ ఇటు రానీయొద్దని రామచంద్రయ్యకు చెప్పాడు. ఆయన వాకిలి వైపు పోయి నిలబడ్డాడు. దొడ్డి వైపు నుంచి ఎవరన్నా వస్తారని ఇద్దరికీ తట్టలేదు.

గొంగడి కింద ఉక్క పోసింది. గొర్రె వాసన, చుట్ట వాసన, నర్సింహులు చెమట వాసన. యోహాను మీట పైకి లాగాడు, వెనక తలుపు తెరుచుకుంది. వేళ్లతో తడిమాడు. రీలు కొస చుట్ట మీద విడిగా ఆడుతోంది. తాను అనుకున్నదే.

కొస పట్టి మెల్లగా లాగసాగాడు. ముందు చేతికి వచ్చేవి ఆఖర్న తీసిన బొమ్మలు. మొదట తీసినవి లోపల గట్టిగా చుట్టుకొని ఉంటాయి. లాగిందాన్ని లాగినట్టే చుట్టి మూత ఉన్న డబ్బాలో పెడదామనుకున్నాడు గానీ, చెమటకు వేళ్లు జారుతున్నాయి. గీత పడితే పిల్ల ముఖం మీదే పడుతుంది. అందుకని ఒళ్లోకి వదిలాడు. మొత్తం వచ్చాక లుంగీకి చేతులు తుడుచుకొని చుట్టొచ్చు. సగం దాకా వచ్చింది. ఒక్కొక్క గుంజుకూ అతని భుజాలు కదులుతున్నాయి.

సరిగ్గా అప్పుడే ఆడోళ్లు రేణుకమ్మను రెక్కలు పట్టి దొడ్లోకి తీసుకొచ్చారు, నెత్తి మీద చల్లనీళ్లు పోస్తే గుండె కరుగుతుందని. కొట్టం ముందు నుంచి పోతూ ఆమె లోపలికి చూసింది. మూలకు ముఖం పెట్టి మగమనిషి కూర్చున్నాడు. మీద తన పెనిమిటి గొంగడి. భుజాలు ఎగసి పడుతున్నాయి.

చావింట్లో ముసుగేసుకొని కూర్చున్న మనిషి ఏడుస్తున్నాడనే ఎవరైనా అనుకుంటారు. అట్లాంటి మనిషిని ఒంటరిగా వదలరు. దగ్గరికి పోయి, ముసుగు తీసి, మెడ పట్టుకొని కలిసి ఏడుస్తారు. అది ఆ ఊళ్లో పుట్టిన పిల్లలకు కూడా తెలిసిన పద్ధతి.

"వచ్చినవా," అంది రేణుకమ్మ.

పట్టుకున్నవాళ్ల చేతులు విదిలించుకొని ఉరికింది. అతని వీపు మీద పడి మెడ కరుచుకుంది. "నీ బిడ్డ జూడు, జర లేసి నీ బిడ్డను జూడు," అంటూ ముఖం చూడ్డానికి గొంగడి గుంజేసింది. ఆమె గొంతులోంచి ఏడుపు అప్పుడే పెగులుతోంది.

యోహాను ఒళ్లో ఉన్నదాని మీదికి వంగి రొమ్ముతో కప్పాడు. అప్పటికే ఎండ దాని మీద పడిపోయింది. నున్నటి పట్టీ మెలికలు తిరిగి మోకాళ్ల మీద మెరుస్తోంది.

ఆయన గాదమ్మా, ఫోటోల యోహాను, అని వెనక నుంచి ఎవరో ఆమె భుజం పట్టి లాగారు. రేణుకమ్మ చేతులు వదిలింది. నాలుగడుగులు వెనక్కి నడిచి కొంగు నెత్తి మీదికి లాక్కుంది. పెగిలిన ఏడుపు మళ్లీ లోపలికే పోయింది. అతని ఒళ్లోకి చూసి, అదేందని అడిగింది. రీలని చెప్పాడు. దాంట్లోనే ఉందా నా బిడ్డ, అంది. ఉందన్నాడు.

ఆమె పోయాక గొంగడి మళ్లీ కప్పుకొని, మిగతా సగం తీసి, చుట్టి డబ్బాలో పెట్టాడు. చేతులు వాటి పని అవి చేశాయి. కొత్త రీలు ఎక్కించి లీవరు తిప్పుతూ పై మీట వైపు చూశాడు. లీవరుతో పాటు అదీ తిరుగుతోంది. అంటే రీలు నడుస్తున్నట్టు.

బయటికి వచ్చేసరికి వాకిట్లో నీడ పడింది. పిల్ల ముఖం మీద ఫ్లాష్ కొట్టడానికి మనసొప్పలేదు. కెమెరా వేగం తగ్గించి, మూడు కాళ్ల స్టాండు మీద పెట్టి, ఊపిరి బిగబట్టి నొక్కాడు. లోపల తెర మెల్లగా తెరుచుకొని మెల్లగా మూసుకుంది.

మన్నులో పెట్టి వచ్చాక మరునాడు నర్సింహులు దిగాడు. ఆ వారంలోనే యోహాను రెండు రీళ్లూ పట్టుకొని కల్వకుర్తి పోయాడు. స్టూడియోలో కడిగి ఆరవేసిన పట్టీని దీపానికి ఎదురుగా పట్టుకుని చూశాడు. మొదటి సగంలో మనుషులున్నారు. పీర్లెత్తిన ఫకీరు, కొత్త జంటలు, తలపాగాల ముసలోళ్లు. నడుమ నుంచి మసక. ఆ తర్వాత బొగ్గు. చివరి బొమ్మ ఉండాల్సిన చోట గోరుతో గీకినా ఏమీ కనబడనంత నలుపు.

రెండో రీలు బాగానే వచ్చింది. వేగం తగ్గించి తీసిన ఫోటో కదా, చాప చుట్టూ ఉన్నవాళ్లంతా చెదిరిపోయారు. ఎవరో తల తిప్పారు, ఎవరో కండ్లు తుడుచుకున్నారు, తల్లి ముఖం పొగలాగా ఉంది. కదలనిది అఖిల ఒక్కతే. కనురెప్పల వెంట్రుకలు కూడా లెక్కపెట్టొచ్చు.

ఊళ్లో చెడకుండా మిగిలిన పండుగ ఫోటోలు ఇచ్చుకుంటూ వచ్చి, రామచంద్రయ్య ఇల్లు ఆఖరికి పెట్టుకున్నాడు. పోకుండా ఉండటానికి దారి లేదు. ఫోటోలు వచ్చినోళ్లు ఇంటింటికీ తిరిగి చూపించుకుంటున్నారు. నర్సింహులు లోపల గోడ వైపు తిరిగి పడుకొని ఉన్నాడు. రామచంద్రయ్య చాప మీది ఫోటో తీసుకొని, చూసి, బోర్లించి ఒళ్లో పెట్టుకున్నాడు.

రేణుకమ్మ గడప మీదికి వచ్చింది. ఇంకా ఏడ్వని ముఖమే. నోరు ఎండి పెదాలు పగిలాయి.

"ఊరోళ్లయి వచ్చినయి. నా బిడ్డదేదన్నా?"

యోహాను సంచి సర్దుకున్నాడు. ఆమె ఒక మెట్టు దిగింది. గొంతు తగ్గించి, లోపలున్న పెనిమిటికి వినబడకుండా అడిగింది.

"ఆ పొద్దు నేను గొంగడి గుంజితి. గందుకే కరాబైందా?"

అడిగి, అతని నోటి వైపే చూస్తోంది. రెండు చేతులూ కొంగును మెలిపెడుతున్నాయి. అవునంటే ఆ మనిషి ఏమవుతుందో యోహానుకు కనబడింది.

"కాదక్కా. రీలు అప్పటికే అయిపోయింది. పిల్ల చిన్నబోతదని ఉత్తగనే నొక్కిన. దాంట్ల ఫోటో పడనే లేదు."

"పడలేదా?"

"పడలేదు."

"ఉన్నదంటివి గద."

"అబద్ధం జెప్పిన."

ఆమె చేతులు కొంగును వదిలేశాయి. ముఖంలోకి నెత్తురు ఎక్కింది.

"నవ్వుమంటివి. నా బిడ్డను నవ్వుమంటివి గదరా. ఉత్త డబ్బ పట్టుకోని నవ్వుమంటివి. అది ఇంటికొచ్చి నా ఫోటో ఎప్పుడొస్తదమ్మా, ఎప్పుడొస్తదమ్మా అని జ్వరంల గూడ అడిగె. నీ చేతులిరిగి పడిపోను."

వంగి దోసెడు మన్ను ఎత్తి అతని మీద పోసింది. రామచంద్రయ్య లేవబోయి లేవలేకపోయాడు. యోహాను కదలలేదు. మన్ను తలలోంచి కండ్లలోకి రాలింది, కెమెరా సంచిలోకి రాలింది. రెండో దోసెడు ఎత్తబోతూ ఆమె అక్కడే కూలబడింది. గుండెలు బాదుకుంటూ, పిల్లను పేరు పెట్టి పిలుస్తూ, నేలకు నుదురు ఆనించి ఏడ్వసాగింది. లోపలి నుంచి నర్సింహులు లేచి వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.

యోహాను సైకిలు తిప్పుకొని నడిపించుకుంటూ పోయాడు. ఫోటోల యోహాను ఉత్తగ నొక్కుతడంట, అని సాయంత్రానికల్లా ఊరంతా తెలిసింది.