ఆవిరి నిలిచిన రెండు గదులు

నేనెప్పుడూ ఏదీ రాయలేదు. ఐదో తరగతి దాకా చదివాను, ఆ తర్వాత రాసిందల్లా సరుకుల చీటీలే. నా గురించి చెప్పుకోడానికి సిగ్గు. అందుకని నాకే జగ్గమ్మ అని పేరు పెట్టి రాస్తున్నాను.

జగ్గమ్మ కలకత్తా ఖిదిర్‌పూర్‌లో, ఓడల డాకు పనివాళ్ళ క్వార్టర్లలో ఉండేది. రోజూ తెల్లారకముందే లేచి ఇడ్లీ పాత్ర పొయ్యి మీద పెట్టేది. పొయ్యి వెలిగించే ముందు కిటికీ మూసేది. అది భర్త గోవిందరాజు మాట. క్రేను నడిపేవాడి పెళ్ళాం ఇడ్లీలమ్ముకుంటోందని క్వార్టర్ల లైనుకి తెలియకూడదు. ఆయనే కేరేజీల్లో పట్టుకెళ్ళి డాకులో అమ్మి, డబ్బు తన జేబులో వేసుకునేవాడు. అలా ఇరవై రెండేళ్ళు.

బయటికి దారి లేని ఆవిరి ఇంటి కప్పు కింద నిలిచిపోయింది. మొదట్లో పలచగా, పోనుపోను దూది పరుపంత. కరెంటు మీటరు చూసేవాడు దాన్ని చేత్తో పక్కకి తోసి, అంకెలు రాసుకుని వెళ్ళిపోయేవాడు.

గోవిందరాజు న్యూ టౌన్‌లో ఫ్లాటు కొన్నప్పుడు డబ్బు వెంట సగం ఆవిరి కూడా వెళ్ళింది. జగ్గమ్మ మాత్రం వెళ్ళలేదు. ఆయన అక్కడ ఇంకొకామెతో కాపురం పెట్టి, ఏడాది తిరక్కుండా విడాకుల కాగితం పంపాడు.

కోర్టువాళ్ళు మధ్యవర్తి దగ్గర కూర్చోమన్నారు. ఆవిడ బెంగాలీ ఆవిడ, నెరిసిన జుట్టు.

"ఇక్కడ తీర్పు ఉండదు. ఇద్దరూ ఒప్పుకుంటేనే కాగితం. మీరేం పని చేస్తారమ్మా?"

జగ్గమ్మకి పనంటే డాకుకెళ్ళడం. హాజరు వెయ్యాలి, సైరను మోగాలి. "పనేటీ లేదు దీదీ. ఇంట్లోనే ఉంటాను" అంది. దీదీ అలాగే రాసుకుంది.

"ఫ్లాటు నా జీతంతో కొన్నాను. లక్ష ఇస్తాను. ఒక్క పొట్టకి చాల్దా?" అన్నాడు గోవిందరాజు.

క్వార్టరు ఆయన పేరునే ఉంది. ఆయన రిటైరైన రోజున ఖాళీ చెయ్యాలి. లక్షతో ఎక్కడుండాలో, ఎన్నాళ్ళు తినాలో జగ్గమ్మకి తెలీదు. అయినా పరాయివాళ్ళ ముందు డబ్బు మాటలు వినలేక, అక్కణ్ణించి లేస్తే చాలనిపించి, తలూపింది.

"ఆగండి. ఫ్లాటు విలువ కట్టాలిగా, ఫొటోలేవి?" అంది దీదీ.

గోవిందరాజు ఫోనిచ్చాడు. హాల్లో కప్పు కింద తెల్లగా ఆవిరి. వంటింట్లో ఇంకా మందంగా. పడగ్గది ఒక్కటే తేటగా ఉంది.

"ఈ ఆవిరెవరిది?"

"ఎన్ని ఫేన్లేసినా పోదు దీదీ. గోడకి రంగు నిలవదు. పొద్దున్నయితే పులిసిన మినపపిండి వాసన" అని విసుక్కుని, నాలిక కరుచుకున్నాడు.

ఆవిరి తను తెచ్చిన డబ్బు పడ్డ చోటే నిలుస్తుందని కలకత్తాలో ఎవరికి తెలీదు. దీదీ ఫోను జగ్గమ్మ ముందు పెట్టింది. జగ్గమ్మ చెవులు కాలిపోయాయి.

"నాదే" అంది బల్లకేసి చూస్తూ.

"ఏటి నీది? ఒక పొయ్యి, ఒక పాత్ర. అదీ ఒక పనేటి?" అన్నాడు గోవిందరాజు.

"మరయితే నువ్వమ్మిన ఇడ్లీలు నువ్వే ఉడకేసినావేటి?"

దీదీ తను మొదట రాసుకున్న 'పని లేదు' అన్న మాట కొట్టేసింది.

ఇంకో రెండుసార్లు కూర్చున్నారు. ఆయన అరిచాడు, ఓసారి లేచి వెళ్ళిపోయాడు, మళ్ళీ వచ్చాడు. ఆఖరికి ఇద్దరూ ఒప్పుకున్నారు. ఫ్లాటు అమ్మాలి. హాలు, వంటింటి విలువ జగ్గమ్మకి, పడగ్గది విలువ ఆయనకి.

సంతకం పెట్టాక కూడా సిగ్గు పోలేదు. ఈ వయసులో మొగుణ్ణి వదిలి, డబ్బు తెచ్చుకుంటోందని, ఇంటికెళ్ళే బస్సంతా తననే చూస్తున్నట్టుంది. చెంగు తలమీదకి లాక్కుంది.

మర్నాడు పొద్దున్న జగ్గమ్మ, అంటే నేనే, ఏడాదిగా మూలనున్న పాత్ర కడిగి పొయ్యి మీద పెట్టాను. కిటికీ గడియ మీద చెయ్యి వేసి కాసేపు నిలబడ్డాను. తర్వాత తీశాను. ఆవిరంతా నా భుజాల మీంచి లైన్లోకి వెళ్ళింది. ఎదురింటి దయమ్మ పళ్ళు తోముకుంటూ ఆగింది.

"ఇడ్లీ ఎంతకిస్తావొదినా?"

తల వంచుకునే ధర చెప్పాను.