రెండు పూజల మధ్య

నీళ్ళు గుడి కిటికీల దాకా వచ్చిన రెండో వరద ఏడాది సంగతి ఇది. మొదటి వరదప్పుడు జనం దేవుణ్ణి నిలదీశారు. రెండోసారి ఫాదర్‌గారు జనాన్ని నిలదీశారు. బురద ఆరని గుడిలో నిలబడి, కిటికీ ఊచలకు చిక్కుకున్న ప్లాస్టిక్ పళ్ళెం ఒకటి పీకి చూపించారు.

"ఇది మనం ఆదివారం తిని పారేసిందే. ఏరు మనది మనకు తెచ్చిచ్చింది" అన్నారు.

ఇక పారేసే పళ్ళేలు వద్దు, స్టీలువే వాడదాం, సబ్బునురగ ఏట్లో కలవకుండా బూడిదతోనే తోముదాం అని ఆ గుడి విచారణలోని ఊళ్ళ జనమంతా చేతులెత్తి మాట ఇచ్చారు. అందరికన్నా ముందు చెయ్యెత్తింది, గుడిలో పాటలూ జపాలూ నడిపించే ఉపదేశి భార్య. ఆమె ఇంట్లో పొయ్యి కూడా మిగలలేదు ఆ వరదకు. ఏడుస్తూనే ఎత్తింది.

తోమేది ఎవరని ఎవరూ అడగలేదు.

"మా ఇంట్లో మనిషి ఉంది కదండీ" అన్నాడు ఉపదేశి. మనిషి అంటే ఆమె.

ఆదివారం ఫాదర్‌గారు రెండు పూజలు చేస్తారు. దూరం నుంచి నడిచి వచ్చేవాళ్ళు ఎక్కువ గనక ప్రతి పూజ తర్వాతా టీ, రొట్టె పెడతారు. మొదటి పూజ జరుగుతుంటే ఆమె గుడి వెనక పాకలో రొట్టెలు కాల్చాలి. తర్వాత ఎంగిలి పళ్ళేలన్నీ కుళాయి దగ్గర కుప్ప పడతాయి. రెండో పూజవాళ్ళు బయటికి వచ్చేసరికి అవి కడిగి, తుడిచి, బోర్లించి ఉండాలి. ఆ కుప్ప తరిగేసరికి ఆ పూజా అయిపోతుంది. పురిటి మంచం మీద ఉన్నప్పుడు తప్ప పూజ తప్పని మనిషి, వరద తీసినప్పటి నుంచి గుడి లోపల అడుగుపెట్టలేదు. పూజలో ఫాదర్‌గారు నాలుక మీద పెట్టే సత్ప్రసాదం నోట పడలేదు.

గోడకు అటు పూజ, ఇటు తను. బూడిదకు వేళ్ళ సందులు ఒరిసిపోయి నీళ్ళు తగిలితే మంటెత్తేవి. పాట వినబడితే ఆ మంట కాస్త మరిచేది. ఒకసారి తెలియకుండానే గొంతు కలిపింది. ఇంటికొచ్చాక ఆయన, "నువ్వు బయటి నుంచి పాడకు, లోపల శ్రుతి తప్పుతోంది" అన్నాడు. అప్పటి నుంచి పెదాలు కూడా కదపలేదు. పిల్లలు పళ్ళేలమ్మా అని పిలిస్తే పలకడం అలవాటైంది. అత్త అయితే, "దేవుడింటి గిన్నెలు తోమే భాగ్యం అందరికీ వస్తుందా?" అనేది, తను తిన్న పళ్ళెం ముందుకు నెడుతూ. పూజ తప్పుతున్న పాపం చెప్పుకుందామని పాపసంకీర్తనానికి వెళితే ఫాదర్‌గారు, "సేవ కూడా పూజేనమ్మా" అని, మరియమ్మకు మంగళవార్త జపం చెప్పుకోమన్నారు. పాపం కానిదానికి ప్రాయశ్చిత్తం దేనికో ఆమెకు అర్థం కాలేదు. జపమాల పూసల్లా పళ్ళేల మీదే లెక్కపెట్టి చెప్పుకుంది. ఏరు బాగుపడాలని ఆమెకూ ఉంది. ఆ ఏటిని అందరూ కలిసి పాడుచేశారే, బాగుచేయడం మాత్రం తన రెండు చేతులకే ఎలా వచ్చిందా అని ఆలోచించేది. ఆలోచన తెగేది కాదు, పళ్ళేలూ తెగేవి కావు.

ఒక శనివారం సాయంత్రం ఆయన బూట్లు తుడుచుకుంటుంటే అడిగేసింది.

"ఏమండీ, ఎవరు తిన్నది వాళ్ళు కడుక్కుంటే కాదా?"

"ఎవరు? అంత పెద్దపెద్దవాళ్ళా?"

"పెద్దవాళ్ళకు చేతులుండవా?"

"నోరు లేస్తోందే ఈమధ్య."

"నాకు పూజ కావాలండీ. ఒక్క పూజ. సత్ప్రసాదం లేక లోపలంతా ఎండిపోయినట్టుంది."

ఆయన బూటు పక్కన పెట్టాడు. తర్వాత మెత్తగా, "సరే. రేపు వచ్చి లోపల కూర్చో. పళ్ళేల సంగతి నేను మైకులో చెబుతాలే" అన్నాడు.

ఆమెకు నమ్మబుద్ధి కాలేదు. అయినా నమ్మింది. పక్కింటి టైలరమ్మను బతిమాలితే, "రొట్టెలు నేను చూస్తాలే వదినా, నువ్వు హాయిగా వెళ్ళు" అంది.

తెల్లారి ఉతికిన చీర కట్టుకుని ముందు బెంచీలో కూర్చుంది. గుడిలో సున్నం వాసన. పీఠం మీద కొవ్వొత్తులు చూసి, కొంగు తల మీదికి లాక్కుని సిలువ గుర్తు వేసుకుంది.

పూజకు ముందు ఉపదేశి మైకు దగ్గరికి వెళ్ళాడు.

"నా భార్య నిన్న నాతో ఒక మాట అంది. ఏరు చల్లబడాలని, ప్రాణం ఉన్నంతకాలం ఈ పళ్ళేలు తనే తోముతానని దేవుడికి మొక్కుకుందట. అందుకోసం పూజ కూడా వదులుకుంటుందట. ఆ మాట మీ అందరికీ చెప్పమంది."

చప్పట్లు మొదలయ్యాయి. ఫాదర్‌గారి కళ్ళు చెమ్మగిల్లాయి. వెనక బెంచీ ఆవిడ భుజం నిమిరి, "ఎంత పుణ్యాత్మురాలివమ్మా" అంది. ఆమె నోరు తెరిచింది. పీఠం ముందు, ఇంతమందిలో, మొగుడు అబద్ధమాడాడని ఎలా చెప్పడం? చెప్పినా మొక్కు తప్పిందనే అంటారు.

ఆయన దిగి వచ్చి ఆమె చెవి దగ్గర వంగాడు.

"లే. నువ్వు లేచేదాకా చప్పట్లు ఆపరు. పూజకు వేళవుతోంది."

ఆమె లేచింది. ఆయన ముందు నడిచి, కుళాయి వైపు తలుపు తీసి పట్టుకున్నాడు. పెళ్ళయినప్పటి నుంచి ఆయన ఆమె కోసం తలుపు తీసి పట్టుకోవడం అదే మొదలు.