ఒకే సంచితో తుడిచిన పిల్లలు

అప్పుడే పుట్టిన రెండు గొర్రెపిల్లలను ఒకే సంచితో తుడవకూడదని మాలో ఎవరూ ఎవరికీ నేర్పరు. గొర్రెల మధ్య పుట్టినవాళ్లకు అది నేర్పవలసిన సంగతే కాదు. నా భార్య మంజుల కూడా గొర్రెల ఇంట్లోనే పుట్టింది. అయినా ఆ పొద్దున తుడిచింది.

తప్పంతా ఆమె మీద వేయడానికీ లేదు. వరికోతలు నడుస్తుండగా ముసురు పట్టింది. గొర్రెలు ఈనే రోజులు. దొడ్డి వెనకాల ఒకదానికి పిల్ల అడ్డం తిరిగితే నేను వానలోనే కూర్చుని చెయ్యి పెట్టి సరిచేస్తున్నాను. ఆ తల్లి బతికింది, పిల్లా బతికింది. ఆ ముచ్చట మాత్రం ఎవరూ అడగరు. అదే సమయానికి కొట్టం మూలలో కర్రి, బొల్లి అనే రెండు గొర్రెలు పక్కపక్కనే ఈనాయి. పైన రేకు కారుతోంది. పిల్లలు బురదలో పడి వణుకుతుంటే మంజుల రెండింటినీ చెరో చంకలో పెట్టుకొని ఇంట్లోకి ఉరికి, పొయ్యి ముందర పడుకోబెట్టి, చేతికి దొరికిన తవుడు సంచితో తుడిచింది.

నేను చేతులు కడుక్కొని పోయేసరికి మగపిల్ల చచ్చిపోయింది. ఆడపిల్ల లేచి నిలబడి నా వేలు చీకబోయింది.

"ఏది ఎవలది?" అన్నాను.

"ఏదేంది?"

"కర్రి పిల్ల ఏది, బొల్లి పిల్ల ఏది?"

"నాకేం తెలుసు? రెండూ మన మంద పొట్టేలు రంగే. రెండూ బురదలనే ఉన్నయి. సస్తున్నయని ఉరికొస్తి. పేర్లు అడుక్కుంట కూసోవాల్నా?"

నాకు కోపం వచ్చింది. కోపం ఎవరి మీదో తెలియక బయటికి వచ్చి చచ్చిన పిల్లను పొలం గట్టు పక్కన పాతిపెట్టాను. ఆలస్యమైతే కుక్కలు ఊరుకోవు.

కర్రి నాది. నన్ను ఐదో తరగతిలో బడి మాన్పించిన రోజు మా అవ్వ తన పుట్టింటి నుంచి తెచ్చుకున్న గొర్రెలను నాకు అప్పజెప్పింది. మా అన్న చదువుకొని కరీంనగర్‌లో ఆఫీసుకు పోతున్నాడు. నేను ఇంకా వాటి తోకల వెంటే ఉన్నాను. రోగాలకు పోయినవి పోగా, ఇంటి అవసరాలకు అమ్మినవి పోగా, అవ్వ గొర్రెల సంతతిలో కర్రి ఒక్కటే మిగిలింది. దానికి పళ్లు ఊడాయి. ఇక ఈనదు. ఇన్నేళ్లూ పొట్టేళ్లనే కన్నది. ఈ చివరి ఈతలోనైనా ఒక ఆడపిల్ల పుడితే ఆ సంతతి నిలుస్తుందని నేను లోపల లోపల ఎదురుచూశాను. ఎవరికీ చెప్పలేదు.

బొల్లి హఫీజాది. ఆమె మంథనిలో బట్టలు కుడుతుంది. తనకూ నాలుగు గొర్రెలు కావాలని బొల్లిని కొని నా దగ్గర పాలుకు పెట్టింది. అంటే మేపేది నేను, మొదటి ఈత పిల్ల ఆమెది, రెండో ఈత నాది. బొల్లికి ఇదే మొదటి ఈత.

బతికిన పిల్ల కర్రిదైతే నా దొడ్లో ఉంటుంది. బొల్లిదైతే హఫీజాకు పోతుంది.

గొర్రె పిల్లను ముక్కుతోనే గుర్తుపడుతుంది. ముందు కర్రి దగ్గర వదిలాను. అది వాసన చూసి, గొంతులో గురగురమని పిలిచి నాకడం మొదలుపెట్టింది. నా ప్రాణం లేచి వచ్చింది.

"చూస్తివా?" అన్నాను.

"ఏం చూసుడు? పోయినేడు గిదే కర్రి పక్కింటోళ్ల మేకపిల్లను నాకలే? దానికి ఏ పిల్లయినా పిల్లే" అంది మంజుల.

నిజమే. పైగా దాని పొదుగు పిండితే చుక్క రాలేదు. బొల్లికేమో పొదుగు నిండి పాలు కారుతున్నాయి. దాని దగ్గర వదిలితే వాసన చూసి, వెనక్కి జరిగి, తలతో కుమ్మింది. తనది కాదు కాబట్టి కుమ్మిందా? తొలిచూలుది బెదిరి సొంత పిల్లనైనా కుమ్ముతుంది. లేక ఆ తవుడు వాసనకు కుమ్మిందా?

"సచ్చినదాన్ని ఒకపారి చూపియ్యకపోతివి" అంది మంజుల.

"దానికి సుత గదే సంచి వాసన గదనే!"

నేనే పిల్లను ఎత్తి, మెడ దగ్గర, తోక దగ్గర వాసన చూశాను. పొగ, తవుడు. ఇంకేం లేదు.

"తెలిసిందా మరి? ఎవలదట?" అని మంజుల అంత వానలోనూ నవ్వింది.

పిల్ల అప్పటికే నీరసపడుతోంది. దాని మీద ఉప్పునీళ్లు చల్లితే గొర్రె నాకుతుంది, నాకిన పిల్లను తనదే అనుకొని పాలిస్తుంది. గుప్పెట్లో ఉప్పు పట్టుకొని నిలబడ్డాను. బొల్లికి అంటగడితే రేపు చూసినవాళ్లంతా అది బొల్లి పిల్లే అంటారు. కర్రి దగ్గర ఉంచితే నాదే, కానీ పాలు లేక చస్తుంది. ఎంతసేపు నిలబడ్డానో, తడి చేతిలో ఉప్పు కరిగి వేళ్ల సందుల్లోంచి కారింది. అదే తడి పిల్లకు రాసి, బొల్లి మెడను మోకాళ్ల మధ్య నొక్కిపట్టి, చన్ను నోటికి పెట్టాను. పిల్ల తోక ఆడించుకుంటూ తాగింది. మధ్యాహ్నానికి బొల్లి దాన్ని నాకడం మొదలుపెట్టింది. సంతోషించాలో ఏడవాలో తెలియలేదు.

హఫీజాకు ఫోన్ చేశాను. మర్నాడు వాన తెరిపివ్వగానే బస్సు దిగి వచ్చింది.

"ఫోన్ల ఏందేందో చెప్తివి అన్నా, జర సమజ్ కాలే. నా పిల్ల సచ్చిందా, బతికిందా?"

"తెల్వది చెల్లె."

"తెల్వకపోవుడేంది?"

"ఒకటి సచ్చింది, ఒకటి బతికింది. నీది ఏదో తెల్వది."

ఆమె మంజుల వైపు తిరిగింది. "వదినా, మా అన్న పొద్దుగాల్నే తాగిండా?"

"తాగితే గింత నిజం చెప్పడు" అంది మంజుల. తర్వాత సంచి సంగతి చెప్పింది. అంతటితో ఊరుకోక, నేను ఎప్పుడూ నోరు విప్పి చెప్పని కర్రి సంగతి కూడా చెప్పేసింది. అడుక్కుంటున్నట్టు అనిపించి నాకు ఒళ్లు మండింది.

హఫీజా కొట్టంలోకి పోయి చాలాసేపు చూసింది. పిల్ల బొల్లి దగ్గర పాలు తాగింది. తాగాక నడుచుకుంటూ పోయి కర్రి పక్కన పడుకుంది. కర్రి నాకుతోంది.

"యా అల్లా, గిదేం పరేషానీ! గీ ముసల్ది నా పిల్లను..." అని ఆగిపోయింది. కొంగుతో మొహం తుడుచుకుంది. "సచ్చింది నాదే అనుకో అన్నా. బొల్లి మల్ల ఈనుతది. ముసల్ది ఈనదు గద. చెవి కోసెయ్."

మా మందలో నా పిల్లలకు కుడి చెవి కొస కోస్తాం, పాలుకు వచ్చినవాటికి ఎడమ చెవి. ఒకసారి కోశాక ఇక ఎవరిదన్న మాటే రాదు.

నేను కోరుకున్నది అదే. కానీ ఆ 'అనుకో' అన్న మాట నాకు కొత్త కాదు. బడి మాన్పించినప్పుడూ ఇట్లాగే, గొర్రెలే నీ చదువు అనుకో అన్నారు. అనుకున్నాను. ఇప్పుడు దీన్ని అవ్వ గొర్రె అనుకొని రోజూ మేపాలి. ఒకవేళ కాకపోతే? ఒకవేళ అయితే?

పిల్లను ఒళ్లో పెట్టుకొని కత్తి తీశాను. కాళ్లు హఫీజా పట్టుకుంది.

"కుడి చెవి" అంది.

కోశాను.

"అన్నా! గది ఎడమది!"

"పిల్ల కదిలింది. చెయ్యి జారింది."

"నేను పట్టుకుంటి గద! యాడ కదిలింది?"

నేను బూడిద అద్ది పిల్లను వదిలేశాను. అది ఉరికి కర్రి దగ్గరికే పోయింది. కర్రి ఆ చెవి నాకసాగింది. హఫీజా నన్ను, పిల్లను మార్చి మార్చి చూసి, "పాలు మరిచేదాంక ఈడనే ఉండనీ" అని బస్సుకు పోయింది.

"కర్రిదే అని నీకు అనిపియ్యలేదా?" అంది మంజుల.

"అనిపిచ్చింది."

"మరి?"

కొట్టం గోడ మీద ఆ తవుడు సంచి ఆరేసి ఉంది. అవతల పారేద్దామని తీశాను. కర్రి పిల్లను వదిలి నా దగ్గరికి వచ్చింది. సంచిలో ముక్కు పెట్టి వాసన చూసి, గొంతులో గురగురమని పిలిచింది. బతికినదాన్ని పిలిచిందో, గట్టు పక్కన ఉన్నదాన్ని పిలిచిందో.

సంచిని మళ్లీ గోడ మీదే వేశాను.