మూగమ్మ నోట్లో కన్ను

ఈస్టర్ ముందురోజు, పవిత్ర శనివారం పొద్దున, నాలుగు వందల ఏళ్లుగా చుక్క నీరు రాల్చని రాతిబొమ్మ మూగమ్మ నోట్లోంచి మనిషి కన్నొకటి జారి తొట్టిలో పడింది.

మొదట చూసింది రొట్టెల కొట్టు జెల్సొమీనా. బిందె వదిలేసి అక్కడే చతికిలబడింది. మూగిన జనంలో ధైర్యంగా చెయ్యి ముంచింది ఒర్తెన్సియా ఒక్కతే. గాజు కన్ను. తేనెరంగు పాప, పక్కన సన్నటి పచ్చ గీత. రోజూ పడుకునే ముందు ఆ కన్నుని గ్లాసు నీళ్లలో వేసి మంచం పక్కన పెట్టేది ఆమే. యుద్ధంలో కన్ను పోగొట్టుకుని వచ్చిన ఆమె భర్త ఎవరీస్తోది అది.

"నీ మొగుడి కన్ను తిరిగొచ్చిందే," అంది జెల్సొమీనా, ఊపిరి అందాక. "మిగతా మనిషి ఆ సర్కస్ పిల్ల దగ్గరే ఉన్నాడేమో."

రెండేళ్ల కింద ఎవరీస్తో సర్కస్ పిల్లతో లేచిపోయాడని ఊరంతా ఎప్పుడూ నవ్వే మాటే. ఈసారి ఎవరూ నవ్వలేదు.

చౌకులోని ఆ ఫౌంటెన్‌కి నలుగురు రాతి ఆడవాళ్లు. ముగ్గురి నోట నీళ్లు పడతాయి. నాలుగోది మూగమ్మ. చెక్కిన శిల్పి బస్తియానో తన పెళ్లాం ముఖమే దానికి పెట్టాడంటారు. ఆవిణ్ణి చంపించిన ఆనాటి ఊరి ప్రభువు, రాతిలో కూడా నోరుండకూడదని ఆ గొట్టంలో సీసం పోయించాడట. ఊళ్లో ఎవరినైనా చంపి దాస్తే మూగమ్మ సీసం ఉమ్మేసి మాట్లాడుతుందని పిల్లల్ని భయపెట్టి పడుకోబెడతారు. ఆ పొద్దున పెద్దవాళ్లే దాని ముఖంలోకి చూడలేకపోయారు. నీళ్లు మాటల మధ్య ఆగినట్టు ఆగి ఆగి కారుతున్నాయి.

ఒర్తెన్సియా గుడి వాకిట్లో ఉన్న దోన్ ఉలీసె దగ్గరికి నడిచింది. ఆ ఫాదర్‌ని ఆమె రెండేళ్లుగా ఒకటే అడుగుతోంది. భర్త పేరున ఒక చావు పూజ, విధవగా తను నల్లబట్టలు కట్టుకోవడానికి అనుమతి.

"ఇప్పుడైనా పూజ చేస్తారా ఫాదర్?"

"కన్ను దొరికితే మనిషి పోయినట్టు కాదమ్మా. బతికున్నవాడికి చావు పూజ చేస్తే నాకు పాపం. అతను సర్కస్ బండెక్కడం అతని నేస్తం సిల్వేరియో కళ్లారా చూశాడు కదా."

"సిల్వేరియో ఒక్కడే చూశాడు."

"ఒక్కడు చాలడా? నీ ఇంటి కప్పు బాగుచేసి పెట్టినవాడు అబద్ధం ఎందుకాడతాడు?"

వెనక ఫౌంటెన్ మేస్త్రి ఎవరితోనో అంటున్నాడు. "ఈ ఏడు మంచు ఎక్కువ కరిగింది. ఒత్తిడికి సీసం ఊడుంటుంది. ఆ గొట్టం గంట గోపురం కింద నీళ్లు నిలవుండే లోతైన చీకటి తొట్టిలోంచి వస్తుంది. దిగి చూడాలి."

"తాళంచెవి?"

"ఇంకెవరి దగ్గర, గంటలు కొట్టే సిల్వేరియో దగ్గరే."

ఒర్తెన్సియా వేళ్లు గాజు కన్ను చుట్టూ బిగుసుకున్నాయి.

ఫాదర్ లోపలికి వెళ్లి గ్లోరియా పాట ఎత్తుకున్నారు. క్రీస్తు చావుకి దుఃఖంగా గురువారం నుంచి కట్టేసి ఉన్న గంటలు ఇప్పుడు విడవాలి. మొదటి గంట వినగానే ఊరంతా ఫౌంటెన్ నీళ్లతో కళ్లు కడుక్కోవాలి. ఏడాది ఏడుపు అంతటితో పోతుందని నమ్మకం. చౌకంతా దోసిళ్లు నింపుకుని ఎదురుచూసింది. పాట అయిపోయింది. గంట మోగలేదు. వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారిపోయాయి.

"నిద్రపోయాడా ఏంటి?" అన్నారెవరో, నెమ్మదిగా.

గోపురం మీదున్నవాడు కిందికి రాలేడు కాబట్టి, ఇంట్లో మగదిక్కు లేని ఆడమనిషి అతను కళ్లు కడుక్కోవడానికి కూజాతో నీళ్లు తీసుకెళ్లడం ఆనవాయితీ. ఈ రెండేళ్లూ ఒర్తెన్సియానే మోసింది. ఇవాళ ఆమె కూజాని మూగమ్మ నోటి కింద పట్టింది. మెట్లెక్కుతుంటే గోడ లోపల ఎవరో గొంతు సవరించుకుంటున్నట్టు నీటి చప్పుడు ఆమెతో పాటే పైకి వచ్చింది.

సిల్వేరియో గంట తాడు పట్టుకుని నిలబడి ఉన్నాడు. కుడి చేతికి రెండు వేళ్లు లేవు. సైన్యం పిలుపు వచ్చిన ఏడు గంట చక్రంలో పడి పోయాయంటారు.

"కళ్లు కడుక్కో సిల్వేరియో," అంది ఒర్తెన్సియా.

"ఏ నోటి నీళ్లు వదినా?"

"పట్టు."

అతను దోసిలి పట్టాడు. ఆమె కూజా వంచింది. నీళ్లతో పాటు కన్ను కూడా అతని అరచేతిలో పడి, తిరిగి, పైకి చూస్తూ ఆగింది. అతను దాన్ని విసిరేయలేదు. చలికి వణికే పిట్టని పట్టుకున్నట్టు పట్టుకుని కూర్చుండిపోయాడు. లేని వేళ్ల చోటు ఆమెకి చూపించాడు.

"ఈ వేళ్లు చక్రంలో పోలేదు వదినా. యుద్ధానికి పోవాల్సి వస్తుందని నేనే నరుక్కున్నాను. ఎవరీస్తో ఒక్కడికే తెలుసు. ఆ రోజు గోపురం కింది తొట్టి బాగుచేద్దామని ఇద్దరం దిగాం. నవ్వుతూనే అన్నాడు, రేపు సారా కొట్లో అందరి ముందూ నా కన్ను కథ పక్కన నీ వేళ్ల కథ కూడా చెబుదాంరా అని. అని, కన్ను తీసి నా ముఖం ముందు పట్టాడు. నెట్టాను. కన్ను గొట్టంలోకి దొర్లిపోయింది, వాడు నీళ్లలోకి పోయాడు. నీళ్లలోంచి నా పేరే పిలిచాడు. నేను తలుపు వేసి తాళం పెట్టాను. సర్కస్ బండి మాట నేను పుట్టించిందే. ప్రతి రోజూ గంట కొట్టి ఆపగానే ఆ కన్ను గొట్టంలో దొర్లడం నాకు వినపడేది. ఇవాళ కొట్టకుండానే వినపడింది. మూగమ్మ చెప్పిందంతా నిజమే వదినా. చంపింది నేనే."