రేపల్లె నుంచి నడిచొచ్చిన వెలుగు

డిసెంబరు నెల వచ్చిందంటే రిబ్కా టీచరు మేడ ఎక్కదు. మిగతా నెలలన్నీ ఉతికిన చీరలు మేడ మీదే ఆరేస్తుంది. డిసెంబరులో మాత్రం పెరట్లో జామచెట్టుకి దండెం కట్టుకుని, ఆరీ ఆరని బట్టలతోనే బడికి పోతుంది. బాపట్లలో ఆ అద్దె ఇంటి మేడ మీద నిలబడి తూర్పుకి చూస్తే రేపల్లె చుక్క కనపడుతుంది. కనపడుతుందని కాదు, ఈసారి కనపడదేమోనని ఆమె భయం.

రేపల్లె చుక్క అంటే ఆకాశంలోది కాదు. రిబ్కా తండ్రి బర్నబాసు మాస్టారు క్రిస్మస్‌కి ఇంటి మీద కట్టే కాగితపు చుక్క. వెదురు బద్దలు వంచి, తెనాలి బజారులో కొన్న రంగు కాగితం మైదా జిగురుతో అంటించి, లోపల బల్బు పెట్టి, పొడుగాటి గడకి కట్టి నిలబెడతాడు. అలాంటి చుక్కలు ఆ చుట్టుపక్కల క్రైస్తవుల ఇళ్ళన్నిటి మీదా ఉంటాయి. తేడా ఒక్కటే. మిగతా చుక్కల వెలుగు రెప్పపాటులో వచ్చేస్తుంది. మాస్టారి చుక్క వెలుగు నడుచుకుంటూ వస్తుంది. రేపల్లెలో బయల్దేరిన వెలుగు చెరుకుపల్లి చేరేసరికి రెండేళ్ళు దాటుతుంది, బాపట్ల చేరేసరికి ఏడేళ్ళు పడుతుంది. దూరం నడిచినందుకు చిక్కిపోదు కూడా. వెలిగించిన మనుషుల నీడలు దాని వెంటే వస్తాయి. "ఈ ఏడు మనకి ఎనభై మూడు చుక్క వచ్చింది" అని బాపట్ల వాళ్ళు చెప్పుకుంటారు, వీధిలోకి కూరల బండి వచ్చిందన్నంత మామూలుగా.

ఆ ఎనభై మూడు చుక్క కట్టిన ఏడే తండ్రీ కూతుళ్ళు చెడ్డారు. రిబ్కా అప్పుడు తెనాలిలో బియ్యెస్సీ చదువుతూ సెలవులకి వచ్చింది. వసారాలో సండే స్కూలు పిల్లల్ని కూర్చోబెట్టుకుని బర్నబాసు చెబుతున్నాడు.

"నక్షత్రం దేవుడు పెట్టిన దీపం. ఎన్నటికీ ఆరదు."

"ఆరుతుంది నాన్నా" అంది రిబ్కా గుమ్మంలోంచి. కొత్తగా చదువుకున్నది నోట్లో నిలవదు కదా. "ఎంత పెద్ద నక్షత్రమైతే అంత త్వరగా కాలిపోతుంది. మరీ పెద్దదైతే ఆఖరికి తన బరువుకి తనే లోపలికి కుప్పకూలిపోతుంది. అప్పుడు దాని వెలుగు కూడా బయటికి రాలేదు. మనకి కనపడేవాటిలో కొన్ని ఎప్పుడో చచ్చిపోయి ఉండొచ్చు."

"మాస్టారి చుక్క చచ్చిపోయిందంట" అని పిల్లలు పకపకా నవ్వారు. అది ఆయనకి ఎక్కడో తగిలింది.

"చుక్కలు చస్తాయనే మనిషి ఉన్న ఇంటికి చుక్కెందుకు? ఇక ఈ ఇంటి మీద వెలగదు."

"అయితే నేనూ రాను. మళ్ళీ వెలిగించావని తెలిసిన రోజు వస్తాను" అని పెట్టె సర్దుకుంది. ఇద్దరిదీ ఒకటే మొండితనం. కూతురు దాన్ని బజారులో విడిగా కొనుక్కున్నది కాదు.

తరవాత బీయీడీ అయింది, బాపట్లలో ఉద్యోగం వచ్చింది. బాపట్లకీ రేపల్లెకీ మధ్య బస్సులు తిరుగుతూనే ఉన్నాయి గానీ పంతం పట్టినవాళ్ళకి బస్సుతో పనేముంది? మేనత్త విజయమ్మ అప్పుడప్పుడూ వచ్చేది. "ఏమే, మీ నాన్న చుక్క..." అని మొదలుపెట్టగానే "వెలిగితే నాకే కనపడుతుందిలే అత్తా" అని రిబ్కా మాట తెంచేసేది. వెలుగుకి ఏడేళ్ళు పడుతుందని ఆమెకి తెలియదా అంటే, పిల్లలకి ఆ లెక్కలు నేర్పేదే ఆమె. రెండేళ్ళ కిందట విజయమ్మ మళ్ళీ వచ్చి "మీ నాన్నని డాక్టరుకి చూపించామే. ఆయన ఏమన్నాడంటే..." అంది. "పాలు పొంగుతున్నాయి అత్తా" అని రిబ్కా వంటింట్లోకి పోయింది. పొయ్యి వెలిగించనే లేదని విజయమ్మకి కనపడుతూనే ఉంది. ఆ సాయంత్రం బస్సుకే వెళ్ళిపోయింది, మళ్ళీ రాలేదు. ఆ సగం మాట మాత్రం రిబ్కాని వదలలేదు. డాక్టరు ఏమన్నాడు?

నిరుటితో పాత వెలుగు అయిపోయింది. తొంభై ఒకటి డిసెంబరులో బాపట్లకి రావలసింది ఎనభై నాలుగు చుక్క. వెలిగించి ఉంటేనే వస్తుంది.

ఆ రోజు పదో తరగతిలో పాఠం ఆకర్షణ గురించి. "బరువు మరీ ఎక్కువైన చోట వెలుగే వంగిపోతుంది. కాలం కూడా నెమ్మదిస్తుంది" అని చెప్పింది రిబ్కా.

"అయితే మా పరీక్షలు అక్కడ పెట్టించండి టీచర్, టైము సరిపోతుంది" అన్నాడు రంగనాయకులు.

"నీ చెయ్యి కూడా నెమ్మదిస్తుంది నాయనా. కూర్చో."

చీకటి పడుతుండగా ఇంటివాళ్ళమ్మాయి మీనాక్షి మెట్ల మీద నుంచే కేక పెట్టింది. "టీచర్, చుక్క వచ్చిందండి! పైకి రండి!"

రిబ్కా చేతిలో బియ్యపు చేట అలాగే ఉంది. దానితోనే మేడ ఎక్కింది. తూర్పున కొబ్బరి మట్టల మీదుగా తెల్లగా, చిన్నగా, కాస్త వంకరగా ఉంది చుక్క. దాని పక్కన నిచ్చెన మీద ఒకే ఒక్క నీడ. ఎప్పుడూ రెండు నీడలుండేవి. తండ్రి పైన, కూతురు కింద నిచ్చెన పట్టుకుని. ఈసారి కింద ఎవరూ లేరు. తండ్రి ఒక చేత్తో గడ పట్టుకుని రెండో చేత్తో తాడు బిగిస్తుంటే నిచ్చెన పక్కకి ఒరిగింది. రిబ్కా గబుక్కున చెయ్యి చాచింది, ఏడేళ్ళ కిందటి నిచ్చెనకి. చేటలో బియ్యం మేడంతా చిందాయి.

"నేను వెళ్ళిన మరుసటేడే వెలిగించాడు" అంది. "నేను వస్తానని వెలిగించాడే పిల్లా."

"ఇప్పుడు కూడా వెలిగిస్తున్నారాండి?"

"వెలుగు చూసి అది చెప్పలేం. వెళ్ళి చూడాలి."

"వెళ్ళండి టీచర్. బియ్యం నేను ఎత్తుతాను. బస్సు వెలుగు కంటే ముందే పోతుంది" అంది మీనాక్షి.

రేపల్లె బస్సులో ముందు సీటు దొరికింది. కర్లపాలెంలో ఆగినప్పుడు చుక్క మరికాస్త పెద్దదయింది. "ఇది ఎనభై ఆరుదమ్మా" అన్నాడు కండక్టరు బసవేశ్వరరావు టికెట్లు కొడుతూ. "ఏడాదికేడాది పెంచుతున్నాడు మాస్టారు. చిన్నదైతే ఎవరికో కనపడ్డం లేదని ఆయన అనుమానమంట."

రిబ్కా కిటికీ వైపు తిరిగి కొంగుతో మొహం తుడుచుకుంది. చందోలులో చుక్క ఇంటి కప్పంత అయింది. తెల్ల కాగితం పోయి నారింజ రంగొచ్చింది. చెరుకుపల్లి పొలిమేరలో మరీ ఉబ్బిపోయి ఎర్రగా, కాలీ కాలని మొద్దులాగా మండుతోంది. వయసుమీరిన నక్షత్రాలు ఉబ్బి ఎర్రబడతాయని మొన్ననే బోర్డు మీద బొమ్మ గీసింది ఆమె. తరవాత ఏమవుతాయో కూడా గీసింది.

చెరుకుపల్లి సెంటరు దాటగానే చుక్క లేదు. ఉత్త చీకటి.

"ఇక్కణ్ణుంచి ఉండదమ్మా" అన్నాడు కండక్టరు.

మిగిలిన దారంతా రిబ్కా ముందు సీటు కమ్మీ పట్టుకుని కూర్చుంది. దేవా, ఆ రోజు పాలు పొంగాయని ఎందుకన్నాను అని అదే పనిగా అనుకుంది. నాన్న పోయి ఉంటే కబురైనా వచ్చేది. తను ఎవరి కబురు విన్నది గనక?

ఇంటి అరుగు మీద విజయమ్మ లాంతరు పెట్టుకుని మినప్పప్పులో రాళ్ళు ఏరుతోంది. రిబ్కాని చూసి ఆశ్చర్యపోలేదు, లేవనూ లేదు.

"నాన్న బతికే ఉన్నాడా అత్తా?"

"ఉన్నాడు. తీరిగ్గా బతుకుతున్నాడు. ఇప్పుడన్నా వింటావా, మళ్ళీ పాలు పొంగుతున్నాయా?"

విజయమ్మ చెప్పింది. ఎనభై తొమ్మిదిలో గుంటూరు డాక్టరు బర్నబాసు గుండె చూసి, ఒక్క నెలలో ఆపరేషను చేయించకపోతే దక్కడని చెప్పాడు. నా కూతురు వచ్చాక చూద్దాం, అన్నాడీయన. ఆ ఏడు వసారా పట్టనంత చుక్క చేశాడు. వెలిగించాడో లేదో, దాని బరువుకి అదే లోపలికి కుప్పకూలి, నల్లగా నిమ్మకాయంత అయి కింద పడింది. ఎవరు ఎత్తబోయినా కదల్లేదు. బర్నబాసు దాని పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"మనకి రెండేళ్ళయింది, ఆయనకింకా ఆ సాయంత్రమే. కాఫీ ఇచ్చాను, ఇంకా తాగుతున్నాడు. నువ్వూ దగ్గరికెళితే ఊరికే కబుర్లు పెట్టుకోకు. చీపురు కోసం వెళ్ళిన పనిపిల్ల వచ్చేసరికి వరికోతలయినాయి."

రిబ్కా వసారాలోకి వెళ్ళింది. లాంతరు వెలుగు ఆ మూలకి వంగి, నల్లటి చుక్కలోకి జారిపోతోంది. ఆమె చీర కుచ్చిళ్ళు కూడా అటే లాగుతున్నాయి. తండ్రి చేతిలో గాజు గ్లాసు పొగలు కక్కుతోంది.

"వచ్చావా అమ్మాయ్. చుక్క కనపడిందా?"

"ఇవాళే కనపడింది నాన్నా."

"ఇవాళేంటి, నువ్వెళ్ళిన మరుసటేటి నుంచీ వెలిగిస్తుంటేను!" అని, వేళ్ళు ముడిచి లెక్కపెట్టి, నెత్తి కొట్టుకున్నాడు. "ఔను గదా, అది నడవాలి గదా! దాని సంగతి నాకు తెలియదా. నీ మీద కోపంలో మరిచేపోయాను."

"నేనూ మరిచిపోయాను. వెలగలేదు, వెలగలేదు అని కూర్చున్నాను." రిబ్కా ఆయన మోకాళ్ళ దగ్గర కూలబడి ఏడ్చింది. "పిల్లల ముందు నిన్ను చిన్నబుచ్చాను నాన్నా."

"నువ్వు చెప్పిందే నిజం కదే. చచ్చిపోయింది చూడు."

"చావలేదు. నేను వచ్చేదాకా నిన్ను ఆపి ఉంచింది. లే నాన్నా, ఆ నెల దాటకముందే గుంటూరు వెళ్ళాలి."

బర్నబాసు కాఫీ చివరి గుక్క తాగి, కూతురి భుజం పట్టుకుని లేచాడు. ఇద్దరూ అరుగు మీదికి వచ్చేసరికి ఎండ భగభగలాడుతోంది. వాకిట్లో చాప మీద మామిడి ముక్కలున్నాయి.

"నాలుగు మాటలకి వేసవొచ్చింది" అంది విజయమ్మ ఆవాల పిండి కలుపుతూ. "నీ బడి నుంచి మనుషులొచ్చి పోయారు. పిల్లల పరీక్షలు కూడా అయిపోయినాయంట."

గుంటూరు డాక్టరు గుండె పరీక్షించి, "చెప్పిన నెలలోపే వచ్చారు, మంచి పని చేశారు" అన్నాడు. ఆపరేషను బాగా జరిగింది. రిబ్కా తండ్రిని బాపట్ల తీసుకుపోయింది. నల్ల చుక్క ఆ వసారాలోనే ఉంది. విజయమ్మ దాని పక్కన ఆవకాయ జాడీ పెట్టుకుంది, ఎప్పుడు తీసినా కొత్తావకాయే. ఆ డిసెంబరు నుంచీ ఏటా తండ్రీ కూతుళ్ళు రేపల్లె వెళ్ళి ఒక చిన్న చుక్క కట్టి వస్తున్నారు. నిచ్చెన రిబ్కా పట్టుకుంటుంది.

తొంభై ఆరు డిసెంబరులో బాపట్లకి ఎనభై తొమ్మిది చీకటి వచ్చింది. తూర్పున కొబ్బరి మట్టల మీద ఏమీ లేదు. పక్కింటి పిల్లలు మేడ మీదికి పరిగెత్తుకొచ్చారు.

"తాతగారూ, మీ చుక్క చచ్చిపోయిందండి!"

ఈసారి బర్నబాసుకి కోపం రాలేదు. పక్కన రిబ్కా ఆరిన చీరలు మడత పెడుతోంది. ఆమె వైపు ఒకసారి చూసి, శాలువా భుజాల మీదికి లాక్కున్నాడు.

"చావలేదర్రా, దారిలో ఉంది. ఇంకో మూడేళ్ళకి వస్తుంది. అప్పుడు బాగా చూడండి, నిచ్చెన కింద మా అమ్మాయి కూడా ఉంటుంది."